పగిలిన పోత ఇనుము అతుకుతుందా?

సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా, పిల్లలూ? కుండను ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొడుతుంది. ‘ఖంగు’మంటే బేరం మొదలుపెడుతుంది. ‘టప్పు’మంటే ఎంత నున్నగా ఉన్నా పక్కన పెట్టేస్తుంది. అది ఓటి కుండ. కంటికి కనిపించని బీట అందులో ఎక్కడో ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ సరిగ్గా ఇదే పని చేయడం నేను చూశాను. ఆయన పరీక్షిస్తున్నది కుండను కాదు, మా అంబాసిడర్ కారు ఇంజను నుంచి ఊడదీసిన ఒక ఇనప సామానును. దాన్ని తీగతో దూలానికి వేలాడగట్టి, చిన్న సుత్తితో నాలుగుచోట్ల తట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు.

"ఓటిదే, మాస్టారూ" అన్నాడు.

ఆ సామాను పేరు ఎగ్జాస్ట్ మానిఫోల్డు. పోత ఇనుముతో చేసింది. అది ఎందుకు పగిలింది, పగిలితే వచ్చే ప్రమాదం ఏమిటి, దాన్ని అతకడం ఎందుకంత కష్టం అన్నవి ఆ షెడ్డులో రెండు రోజులు కూర్చుని నేను తెలుసుకున్నాను. "ఘనపదార్థాలు వేడికి వ్యాకోచిస్తాయి" అనే వాక్యాన్ని తరగతిలో ఏళ్ళతరబడి చెబుతూనే ఉన్నాను. ఆ వాక్యానికి ఇనుమును విరిచేటంత బలం ఉందని మాత్రం అక్కడే తెలిసింది.

తలనొప్పితో మొదలైంది

మా కారు 1972 నాటిది, నాన్నగారు కొన్నది. అంబాసిడర్లు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో తయారయ్యేవి. ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో శ్రేణి కారు దీనికి మూలం. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది. అయినా పాత బండ్లు చాలా ఊళ్ళలో ఇంకా తిరుగుతున్నాయి. మాదీ అలాంటిదే.

ఒక సంక్రాంతికి మా చెల్లెలినీ, దాని కూతురినీ ఎక్కించుకుని ఊరికి బయలుదేరాను. తెల్లవారుజామున ఇంజను స్టార్టు చెయ్యగానే ముందునుంచి ‘టిక్ టిక్ టిక్’ మని గోడగడియారంలాంటి చప్పుడు. పది నిమిషాల్లో అది దానంతటదే తగ్గిపోయింది. తగ్గింది గదా అని ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు. చలిగా ఉందని అద్దాలన్నీ పైకెత్తేశాం. గంట గడిచేసరికి వెనక సీట్లోంచి మేనకోడలు "తల పగిలిపోతోంది మామయ్యా, వాంతి వచ్చేట్టుంది" అంది. ప్రయాణం పడలేదనుకున్నాం. మరికాసేపటికి మా చెల్లెలు కూడా అదే మాట అంది. అప్పుడు గుండె ఝల్లుమంది. కారు ఆపి అందరం కిందికి దిగాం. చెట్టుకింద గాలికి కూర్చోగా కూర్చోగా ఇద్దరూ తేరుకున్నారు. బానెట్టు ఎత్తి చూస్తే ఇంజను పక్కన మానిఫోల్డు మీద సన్నటి నల్ల చార. మసి! లోపల ఉండవలసిన పొగ బయటికి వచ్చిందన్నమాట.

పెట్రోలు పూర్తిగా మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. కాని ఇంజనులో అది ఎన్నడూ పూర్తిగా మండదు. సగం సగం మండినచోట కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. కార్బ్యురేటరు ఉన్న పాత ఇంజన్ల పొగలో ఇది నూటికి మూడు నాలుగు పాళ్ళ దాకా ఉండవచ్చు. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే హీమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నది తొందరగా వదలదు. అలా రక్తం నిండుగా ఉన్నా శరీరానికి ఊపిరి అందదు. పీల్చే గాలిలో వెయ్యి పాళ్ళకు ఒక్క పాలున్నా కొద్ది గంటల్లో ప్రాణానికే ముప్పు. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత మగత. మగత వచ్చినవాడు కారు ఆపమని కూడా చెప్పలేడు. అందుకని బండిలో ఉన్న ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే, పొగ వాసన రాకపోయినా సరే, వెంటనే బయటికి రావాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగతా వ్యాసం మరిచిపోయినా ఫరవాలేదు.

మిగిలిన దారి వాళ్ళిద్దరినీ బస్సెక్కించాను.

మూడు మూతుల గొట్టం

ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్కదానిలోనూ పెట్రోలు మండి, ఆ మండిన వాయువు ఒక కవాటం గుండా బయటికి పోతుంది. నాలుగింటి పొగనూ పోగుచేసి, ఒకే గొట్టంలోకి మళ్ళించి, సైలెన్సరు వైపు పంపేదే ఎగ్జాస్ట్ మానిఫోల్డు. మన చెయ్యిలాంటిదనుకోండి. వేళ్ళు ఇంజనును పట్టుకుని ఉంటాయి, మణికట్టు దగ్గర పొగగొట్టం తగిలించి ఉంటుంది. మా కారులోని 1489 ఘనపు సెంటీమీటర్ల ఇంజనులో ఒక తమాషా ఉంది. సిలిండర్లు నాలుగైనా పొగ బయటికొచ్చే ద్వారాలు మూడే. మధ్యనున్న రెండు సిలిండర్లకూ కలిపి ఒకటే ద్వారం. అందుకని ఆ మానిఫోల్డుకు మూడు మూతులు. మధ్య మూతి గుండా ఇద్దరి పొగ పోతుంది గనుక దానికి పని ఎక్కువ, వేడీ ఎక్కువ. మాది పగిలింది ఆ మధ్య చెయ్యి మొదట్లోనే.

ఒక చిన్న లెక్క వెయ్యండి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పొగ వదులుతుంది. అంటే నిమిషానికి 1500 సార్లు, సెకండుకు 25 సార్లు. నాలుగు సిలిండర్లకు సెకండుకు నూరు సార్లు! ప్రతిసారీ నిప్పులాంటి వాయువు మానిఫోల్డు గోడలను కొట్టి పోతుంది. బండి గట్టిగా నడిచేటప్పుడు ఆ వాయువు 700 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. ఇనుము కూడా నాలుగైదువందల డిగ్రీలకు వేడెక్కుతుంది. ‘టిక్ టిక్’ చప్పుడు ఏమిటో ఇప్పుడు అర్థమైంది కదూ? ఒక్కో పొగ దెబ్బకు బీటలోంచి కాస్త వాయువు ఎగజిమ్ముతోంది. ఇనుము వేడెక్కి ఉబ్బేసరికి బీట అంచులు దగ్గరై చప్పుడు తగ్గింది. చప్పుడు తగ్గినంత మాత్రాన బీట పోలేదు, పొగ పూర్తిగా ఆగనూ లేదు.

పెన్సిలు ముక్కలున్న ఇనుము

మీ ఇంట్లో పోత ఇనుము అట్లపెనం ఉంటే ఒకసారి చేత్తో లేపి చూడండి. బరువుగా, దళసరిగా ఉంటుంది. ఉక్కు గరిటెను కిందపడేస్తే సొట్టపడుతుంది. పోత పెనాన్ని గచ్చుమీద పడేస్తే రెండు ముక్కలవుతుంది. రెండూ ఇనుమే గదా, ఎందుకీ తేడా?

తేడా అంతా కర్బనంలో ఉంది. మామూలు ఉక్కులో కర్బనం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పోత ఇనుములో రెండున్నర నుంచి నాలుగు పాళ్ళ దాకా ఉంటుంది. సిలికాన్ కూడా ఒకటి నుంచి మూడు పాళ్ళు ఉంటుంది. ఇంత కర్బనం కలవడంవల్ల ఒక లాభం కలిగింది. ఉక్కు కరగాలంటే ఇంచుమించు 1500 డిగ్రీలు కావాలి. పోత ఇనుము 1150, 1200 డిగ్రీల దగ్గరే నీళ్ళలా కరిగి, ఇసుక మూసలోని ప్రతి మూలకూ పారుతుంది. మానిఫోల్డులాంటి వంకర టింకర ఆకారాలను ఒకే పోతలో తియ్యవచ్చు.

కరిగిన ఇనుము నెమ్మదిగా చల్లారినప్పుడు, అందులో ఇమడలేని కర్బనం గ్రాఫైటుగా విడిపోతుంది. గ్రాఫైటు అంటే మీ పెన్సిలులో ఉండే నల్లని పదార్థమే. అది సన్నసన్నని రేకుల్లా ఇనుము నిండా పరుచుకుంటుంది. బరువులో చూస్తే మూడు పాళ్ళే గాని, గ్రాఫైటు తేలిక గనుక చోటులో చూస్తే దాదాపు పదో వంతు దాకా ఆక్రమిస్తుంది. పగిలిన ముక్క అంచు బూడిదరంగులో కనిపించేది అందుకే. దాన్ని బూడిదరంగు పోత ఇనుము అంటారు.

గ్రాఫైటుకు బలం లేదు. పెన్సిలు ముల్లును గోటితో విరవవచ్చు గదా! కాబట్టి పోత ఇనుము లోపల పుట్టుకతోనే వేలకువేల చిన్న బీటలు ఉన్నట్టే లెక్క. దాన్ని నొక్కితే ఆ బీటలు మూసుకుంటాయి, ఏమీ కాదు. లాగితే తెరుచుకుంటాయి. అందువల్ల పోత ఇనుము నొక్కుడుకు ఎంత ఆగుతుందో, లాగుడుకు అందులో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే ఆగుతుంది. ఇంగ్లండులో కోల్‌బ్రూక్‌డేల్ దగ్గర సెవర్న్ నదిమీద 1779లో కట్టిన ఇనప వంతెన నేటికీ నిలిచి ఉంది. అది కమాను వంతెన, ఇనుమును నొక్కుతుందే గాని లాగదు. అదే దేశంలో చెస్టరు దగ్గర డీ నది రైలు వంతెనకు పోత ఇనుముతో అడ్డదూలాలు వేశారు. బరువు పడితే దూలం అడుగుభాగం సాగాలి. సాగడం పోత ఇనుముకు చేతకాదు. 1847లో రైలు దాటుతుండగా ఒక దూలం విరిగి ఐదుగురు చనిపోయారు.

ఉక్కు తీగను లాగితే విరిగేలోగా నూటికి ఇరవై పాళ్ళకు పైగా సాగగలదు. బూడిదరంగు పోత ఇనుము నూటికి ఒక పాలు కూడా సాగదు, అర పాలు దగ్గరే విరిగిపోతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పని ఉంది.

రెండు మిల్లీమీటర్ల పోట్లాట

ఇప్పుడు మన వ్యాకోచం పాఠానికి వద్దాం. ఒక డిగ్రీ వేడెక్కితే పోత ఇనుము తన పొడవులో పదిలక్షల పాళ్ళకు ఇంచుమించు 11 పాళ్ళు పెరుగుతుంది. వినడానికి ఏమీ లేనట్టుంది గదా? మానిఫోల్డు పొడవు 40 సెంటీమీటర్లు, అంటే 400 మిల్లీమీటర్లు అనుకుందాం. అది 500 డిగ్రీలు వేడెక్కితే:

400 × 500 × 11 ÷ 10,00,000 = 2.2 మిల్లీమీటర్లు.

దాన్ని బిగించిన సిలిండరు హెడ్డు మాటేమిటి? అందులో నీళ్ళు తిరుగుతుంటాయి గనుక అది 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. దాని పెరుగుదల ఇంచుమించు పావు మిల్లీమీటరే. ఒకడు రెండు మిల్లీమీటర్లు జరుగుతానంటాడు, రెండోవాడు కదలనంటాడు. ఇద్దరినీ స్టడ్డులు, నట్లు కలిపి పట్టుకుని ఉన్నాయి.

ఇంజను తయారుచేసినవాళ్ళకు ఇది తెలియకపోలేదు. అందుకే మానిఫోల్డు బెజ్జాలను స్టడ్డులకంటే కాస్త వెడల్పుగా పెడతారు, దళసరి వాషరు వేస్తారు. నట్టు సరైన బిగువులో ఉంటే మానిఫోల్డు పొగ కారకుండా అతుక్కునే ఉంటుంది, కావలసినప్పుడు రవంత జరగనూ జరుగుతుంది. పొగ కారుతోందని ఎవరో బలంకొద్దీ బిగించారా, ఆ జరిగే దారి మూసుకుపోతుంది. వేడిలో నొక్కుకుపోయి, చల్లారేటప్పుడు లాగుడు పడుతుంది. లాగుడు పోత ఇనుముకు పడదని ఇందాకే చెప్పుకున్నాం.

ఇది ఒక్కనాటితో అయ్యేది కాదు. కారు తీసిన ప్రతిసారీ ఒకసారి వేడి, ఒకసారి చలి. ఏళ్ళ తరబడి వంచుతూ విడుస్తూ పోతే తీగ విరిగినట్టే ఇదీ విరుగుతుంది. ఇంతేగాక, ఎర్రని వేడికి మళ్ళీ మళ్ళీ గురైన పోత ఇనుము కొంచెం కొంచెంగా ఉబ్బి, చల్లారినా పాత కొలతకు రాదు. గ్రాఫైటు రేకుల వెంబడి లోపలికి తుప్పు కూడా పాకుతుంది. వానాకాలంలో కాగిన మానిఫోల్డుమీద రోడ్డు గుంటలోని చల్లని నీళ్ళు చిమ్మాయంటే ఇక చెప్పక్కర్లేదు. అట్లపెనంమీద అమ్మ నాలుగు చుక్కలు చల్లితే ‘చుయ్’మంటుంది, అంతే. కాలుతున్న పెనాన్ని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టి చూడమనండి, ఊరుకుంటుందేమో!

మొదటి అతుకు ఎందుకు ఊడింది?

నేను నేరుగా ఆటోనగర్ వెళ్ళలేదు. మొదట దారిలోని ఒక షెడ్డులో చూపించాను. వాళ్ళు మామూలు ఉక్కు రాడ్డుతో పావుగంటలో వెల్డింగు చేసి, తొందరగా చల్లారాలని చెంబెడు నీళ్ళు పోసి, చేతికిచ్చారు. పని త్వరగా అయిందని నేనూ సంతోషించాను. మూడోరోజు పొద్దున మళ్ళీ ‘టిక్ టిక్’. చూస్తే అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనే, అతుకు అంచు వెంబడి, కొత్త బీట!

ఆటోనగర్ మేస్త్రీ దాన్ని చూసి ఏమీ అనలేదు. ఒక ఆకురాయి తీసుకుని ముందు దూరంగా ఉన్న పాత ఇనుముమీద రాశాడు. ‘బర్రు’మని రజను రాలింది. తర్వాత అతుకు అంచుమీద రాశాడు. ఆకురాయి గాజుమీద జారినట్టు జారిపోయింది.

"చూశారా మాస్టారూ, గాజైపోయింది" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కరిగిన పోత ఇనుము నెమ్మదిగా చల్లారితేనే కర్బనం గ్రాఫైటుగా విడిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. చటుక్కున చల్లార్చితే దొరకదు. అప్పుడది ఇనుముతోనే కలిసి సెమెంటైటు అనే సమ్మేళనం అవుతుంది. దీన్ని తెల్ల పోత ఇనుము అంటారు. మహా గట్టిది, మహా పెళుసుది. వెల్డింగు చేసినచోట చుట్టూ ఉన్న చల్లని ఇనుము వేడిని క్షణాల్లో లాగేస్తుంది. నీళ్ళు పొయ్యకపోయినా అతుకు అంచు తెల్ల ఇనుముగా మారే ప్రమాదం ఉంది. నీళ్ళు పోస్తే ఇక అడగాలా?

రెండో కారణానికి మళ్ళీ లెక్క. మానిఫోల్డంతా చల్లగా ఉంది, మధ్యలో మూడు సెంటీమీటర్ల మేర మాత్రం 1000 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకోండి. అది చల్లారేటప్పుడు 30 × 1000 × 11 ÷ 10,00,000, అంటే 0.33 మిల్లీమీటరు ముడుచుకోవాలి. చుట్టూ ఉన్న ఇనుము రానివ్వదు. అంటే ఆ 30 మిల్లీమీటర్ల ముక్క నూటికి ఒక పాలుకు పైగా సాగి తీరాలి. పోత ఇనుము అర పాలు దగ్గరే విరుగుతుందని చెప్పుకున్నాం. మరి పగలక ఏం చేస్తుంది?

సుద్దపొడి చెప్పిన నిజం

మేస్త్రీ మొదట ఆ పాత అతుకంతా గ్రైండరుతో అరగదీసేశాడు. సామానును కాల్చి నూనె, మసి వదిలించి, తీగ బ్రష్షుతో రుద్దాడు. తర్వాత చేసిన పనిని మీరు కూడా చెయ్యవచ్చు. బీట ఉన్నచోట బ్రష్షుతో కిరసనాయిలు పూశాడు. పావుగంట ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. దానిమీద మెత్తటి సుద్దపొడి చల్లి, వేలితో తట్టాడు. చూస్తుండగానే తెల్లని పొడిమీద సన్నని తడిగీత గీసినట్టు తేలింది! బీటలోకి దూరిన కిరసనాయిలును సుద్ద పైకి పీల్చుకుంది. దీపం వత్తిలో నూనె పైకెక్కేది కూడా ఈ కేశనాళికీయత వల్లనే. పూర్వం రైలు వర్క్‌షాపుల్లో ఇంజను భాగాలలోని పగుళ్ళను ఇలాగే నూనె, సుద్ద వాడి కనిపెట్టేవారు. మీరు ఇంట్లో బీటవారిన పింగాణీ కప్పుమీద సిరా పూసి, తుడిచి చూడండి.

నా కంటికి బీట నాలుగు సెంటీమీటర్లే కనిపించింది. సుద్దపొడి మీద ఆరు సెంటీమీటర్లు తేలింది. మధ్య చెయ్యి వెనక్కి తిరిగి, అంచు దాకా పోయింది. నా కంటిని నమ్ముకుని అతికి ఉంటే మిగిలిన రెండు సెంటీమీటర్లూ మళ్ళీ పాకేవి.

గీత రెండు చివర్లకూ కాస్త అవతల మేస్త్రీ మూడు మిల్లీమీటర్ల బెజ్జాలు వేశాడు. పగిలినదానికి ఇంకా చిల్లులు పెడతాడేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. బట్టలకొట్టులో గుడ్డ చింపేటప్పుడు చూశారుగా? కత్తెరతో అంచున చిన్న గాటు పెడితే చాలు, తర్వాత ‘సర్రు’న చిరుగుతుంది. గాటు చివర పదునుగా ఉంటుంది. లాగిన బలమంతా ఆ ఒక్క మొనమీదే పోగవుతుంది. 1913లో చార్లెస్ ఇంగ్లిస్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీన్ని లెక్కగట్టి చూపాడు. రేకుమీద గుండ్రటి బెజ్జం ఉంటే దాని అంచున ప్రతిబలం మూడు రెట్లు అవుతుంది. బెజ్జం సన్నగా, చివర పదునుగా అయ్యేకొద్దీ పది రెట్లు, ఇరవై రెట్లు, ఇంకా ఎంతకైనా పెరుగుతుంది. పగులు మొనను గుండ్రం చేస్తే దాని కోర పీకినట్టే. నేను ఇంగ్లిస్ లెక్క చెబుతుంటే మేస్త్రీ నవ్వి, "మా నాన్న కూడా బెజ్జం వేశాకే రాడ్డు పట్టుకోమనేవాడు" అన్నాడు.

షట్టరు ఎందుకు దించాడు?

బీట పొడుగునా పలుగుమొన ఆకారంలో గాడి తీశాక అసలు పని మొదలైంది. పోత ఇనుమును అతకడానికి ఒకటికి నాలుగు దారులున్నాయి. ఇత్తడి మాటు వెయ్యవచ్చు. అది నీటిపంపులకు, గేట్లకు బాగుంటుంది. మానిఫోల్డు వేడికి ఇత్తడి నీరసపడిపోతుంది, పైగా ఇనుముకంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. డబ్బాల్లో దొరికే ముద్ద పూస్తే ఇంటికి చేరేదాకా పనికొస్తుంది. నికెల్ రాడ్డుతో కొద్దికొద్దిగా, అంగుళం వేసి ఆగి, వేడిగా ఉండగానే చిన్న సుత్తితో సన్నగా కొట్టుకుంటూ అతికే పద్ధతి ఉంది. నికెల్ సాగుతుంది గనుక లాగుడును తను భరిస్తుంది. చాలామంది చేసేది ఇదే, మంచి పద్ధతే. మా మేస్త్రీ మాత్రం పాతకాలపు దారి ఎంచుకున్నాడు: సామాను మొత్తాన్ని కాల్చి, పోత ఇనుప రాడ్డుతోనే గ్యాసు వెల్డింగు చెయ్యడం. "రోజూ నిప్పుల్లో బతికేది. దాని ఇనుమే దానికి వెయ్యాలి" అన్నాడు.

ఇటుకలతో పొయ్యి పేర్చి, కర్రబొగ్గు పోసి, మానిఫోల్డును దళసరి ఇనప పలకమీద బోర్లా పెట్టాడు. వంకర పోకుండా పలకకు బోల్టులతో బిగించకూడదా అని అడిగాను.

"బిగిస్తే మళ్ళీ మొదటికొస్తాం, మాస్టారూ. దాన్ని కదలనివ్వాలి."

పైన రేకు కప్పి, గంటకు పైగా నెమ్మదిగా వేడెక్కనిచ్చాడు. అప్పుడు లేచి వెళ్ళి షట్టరు సగం దించేశాడు. షెడ్డు చీకటైంది. పగటి వెలుగులో నల్లగా కనిపించిన ఇనుము చీకట్లో ముదురు ఎరుపుగా మెరుస్తోంది! ఘనపదార్థం ఏదైనా సరే 525 డిగ్రీల దగ్గర చీకట్లో వెలగడం మొదలుపెడుతుందని 1847లో జాన్ విలియం డ్రేపర్ కనుక్కున్నాడు. అంతకంటే కాస్త ఎరుపు తేలితే ఆరువందల దగ్గర ఉందన్నమాట. ఉష్ణమాపకం లేని షెడ్డులో మేస్త్రీ కన్నే ఉష్ణమాపకం. ఎండలో చూస్తే అంచనా తప్పుతుంది. అందుకే షట్టరు.

మొత్తం ఆరువందల దగ్గర ఉంటే కరిగే చోటుకూ, చుట్టుపక్కలకూ ఉన్న తేడా సగానికి పడిపోతుంది. ఆ వేడిలో ఇనుము కొంచెం మెత్తబడి లొంగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అక్కణ్ణుంచి చల్లారేటప్పుడు అంతా కలిసి ఒక్కటిగా ముడుచుకుంటుంది.

నల్లద్దాలు పెట్టుకుని, ఆక్సిజన్, ఎసిటిలీన్ మంటతో గాడి అడుగును కరిగించాడు. సిలికాన్ ఎక్కువగా ఉండే పోత ఇనుప రాడ్డును ఒక పొడిలో అద్ది, అందులో కలిపాడు. సిలికాన్ కర్బనాన్ని గ్రాఫైటుగా విడిపొమ్మని తొందరపెడుతుంది. ఆ పొడిలో ముఖ్యమైనది వెలిగారం. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడేది అదే. కరిగిన లోహంమీద పేరుకునే తుప్పుపొరను అది తనలో కలుపుకుని తెట్టులా పైకి తెస్తుంది. (ఈ మంటను వట్టి కళ్ళతో చూడకూడదు. నన్ను కూడా దూరంగా నిలబెట్టాడు.)

అతుకు పదిహేను నిమిషాల్లో అయింది. చల్లార్చడానికి మాత్రం ఒక రాత్రీ పగలూ పట్టింది. ఎర్రగా ఉండగానే దాన్ని పీపాలోని పొడి బూడిదలో, సున్నపుపొడిలో నిలువునా పాతేశాడు. బూడిద రేణువుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. పల్లెల్లో రాత్రి నిప్పుమీద బూడిద కప్పి, తెల్లారి ఊది మళ్ళీ పొయ్యి వెలిగించేవారే, అదే కిటుకు. మర్నాడు సాయంత్రం చెయ్యి పెట్టి చూస్తే బూడిద అడుగున ఇంకా గోరువెచ్చగా ఉంది.

అసలు దొంగ

బయటికి తీసి మళ్ళీ తీగకు వేలాడగట్టి తట్టాడు. గుడిగంటలా మోగలేదనుకోండి. గ్రాఫైటు రేకులు చప్పుడును మింగేస్తాయి గనుక పోత ఇనుము ఉక్కులా మోగదు. కాని ఆ ఓటి ‘టప్పు’ పోయింది. అతుకుమీద ఆకురాయి రాస్తే రజను రాలింది. మూడు మూతుల ముఖాలమీద ఉక్కు బద్ద ఆనించి చూస్తే చివరి మూతి దగ్గర కాగితమంత సందు కనిపించింది. మరపట్టి చదును చేయించాం.

"అతుకు సరే. ఇది ఎందుకు పగిలిందో చూడకుండా బిగిస్తే ఏడాదికి మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అంటూ మేస్త్రీ కారు కిందికి దూరాడు. ఐదు నిమిషాల తర్వాత అక్కణ్ణుంచే పిలిచాడు. పొగగొట్టాన్ని బండి అడుగున పట్టుకుని ఉండవలసిన బిగింపు తుప్పుపట్టి ఎప్పుడో ఊడిపోయింది. గొట్టం బరువంతా మానిఫోల్డుకే వేలాడుతోంది. గతుకు రోడ్డుమీద ప్రతి కుదుపుకూ అది మధ్య చేతిని కిందికి లాగుతూ వచ్చింది. దానికి తోడు, పొగ కారుతోందని ఎవరో నట్లన్నీ శక్తికొద్దీ బిగించి ఉన్నారు. రెండు స్టడ్డుల మరలు సాగిపోయి ఉన్నాయి.

కొత్త బిగింపు, కొత్త స్టడ్డులు, కొత్త గాస్కెట్టు వేశాం. నట్లను మధ్యనుంచి మొదలుపెట్టి చివర్లవైపు, ఒక్కసారిగా కాక మూడు విడతల్లో, కొలిచే స్పానరుతో బిగించాడు. మర్నాడు పొద్దున చల్లని ఇంజను స్టార్టు చేసి, పొగగొట్టం చివర తడిగుడ్డ క్షణంసేపు అడ్డంపెట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ఎక్కడా చప్పుడు లేదు. నూరు కిలోమీటర్లు తిప్పి, బండి పూర్తిగా చల్లారాక మళ్ళీ రమ్మన్నాడు. వెళ్ళాను. ఒక్కో నట్టునూ స్పానరుతో పరీక్షించాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి, చివరి మూతి దగ్గరిది తప్ప. అది పావు చుట్టు తిరిగింది.